మాస్టారు కొన్న అద్దె ఇల్లు

రాజోలులో లెక్కలు చెప్పి రిటైరైన దేవసహాయం మాస్టారు అద్దెలొస్తాయన్న ఆశతో అమలాపురంలో ఒక డాబా ఇల్లు కొన్నారు. అడగడానికి వచ్చినవాళ్లను మాత్రం బడిపిల్లల్లా నిలబెట్టి ప్రశ్నలు వేసేవారు. మేకులు కొడతారా, చుట్టాలు ఎక్కువా అంటూ అందరినీ ఫెయిల్ చేసి పంపేవారు. ఇల్లు ఖాళీగానే ఉండిపోయింది.

ఒకరోజు లక్ష్మీతులసి అనే నర్సు వచ్చింది. మాస్టారు గొంతు సవరించుకునేలోపే తనే మొదలుపెట్టింది.

"వంటింట్లో పొగ ఎటు పోద్దండీ? వానొస్తే వాకిట్లో నీళ్లు నిలుస్తాయాండీ?"

మాస్టారు వంటింటి వైపు ఓసారి, వాకిలి వైపు ఓసారి చూశారు.

"పోనీ, ఓ వారం మీరే ఉండి చూడండి. తర్వాత వస్తానండీ," అంది.

పౌరుషం వచ్చి మాస్టారు తన భార్య కాంతమ్మతో సహా అక్కడికి మకాం మార్చారు. మొదటి తాలింపుకే ఇద్దరూ దగ్గుతూ వీధిలో పడ్డారు. మర్నాడు వాన కురిస్తే మాస్టారు పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలో గేటు దాకా వెళ్లారు.

"ఏవండీ, ఇల్లు పాసయినట్టేనా?" అంది కాంతమ్మ, గుమ్మంలోంచి.

మాస్టారు మేస్త్రీని పిలిచి వంటింటికి కిటికీ పెట్టించారు, వాకిలి మెరక చేయించారు. తులసి సంతోషంగా చేరింది.

ఇప్పుడాయన పైన ఇంకో వాటా వేస్తున్నారు. రోజూ వచ్చి, "తులసిగారూ, మెట్లు ఎటు పెట్టమంటారండీ?" అని అడుగుతున్నారు.