అనురాధక్క ఆరో సెమిస్టర్

మా బడి వార్షికోత్సవంలో ప్రతి ఏడూ అనురాధక్కకు శాలువా కప్పుతారు. కరెస్పాండెంట్ సురేంద్రబాబు గారు మైకు పట్టుకుని, "విదేశాల్లో చదివొచ్చి కూడా మన ఆత్మకూరు పిల్లల కోసం ఇక్కడే నిలబడిపోయిన అనురాధ మేడమ్" అంటారు. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆమె వేదిక ఎక్కి పోలండ్‌లో మంచు గురించి నాలుగు నిమిషాలు మాట్లాడి దిగిపోతుంది. గేటు పక్కన ఫ్లెక్సీ మీద కూడా ఆమె ఫోటోనే. నల్ల కోటు వేసుకుని, మోకాళ్ల దాకా మంచులో నిలబడి, వెలుతురికి కళ్లు చిట్లించి నవ్వుతున్న ఇరవై ఏళ్ల అమ్మాయి.

ఇప్పుడామెకు ఇరవై ఎనిమిది. పై తరగతులకు లెక్కలు చెబుతుంది. నేను తెలుగు చెబుతాను. ఇద్దరిదీ ఉదయగిరే కాబట్టి పొద్దున ఒకే బస్సులో వచ్చి, సాయంత్రం ఒకే బస్సులో వెళతాం. వారంలో నాలుగు రోజులు ఆ బస్సుకు కండక్టరు ఆమె తండ్రి జోసెఫ్ గారే. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి ఆయనకు రోజూ ఒకటే హాస్యం.

"ఏవమ్మా, ఫారినమ్మా. ఆధార్ కార్డు తీయి. మీరు ఈ దేశస్తులో కాదో చూడాల గదా."

"చాల్లే నాన్నా, జనం చూస్తా ఉండారు."

"చూడనీ. నా బిడ్డ ఎవరో తెలియాల."

సున్నా టికెట్టుతో పాటు ఆమె చేతిలో మడిచిన పేపరు ముక్క ఒకటి పెడతారు. ఏదో ఒక ఉద్యోగ ప్రకటన. "డిగ్రీ ఉంటే చాలంట. చూడు" అని ముందు సీట్లకు జరుగుతారు. ఆమె దాన్ని తెరవకుండా బ్యాగులో వేసుకుంటుంది. ఆ బ్యాగు అడుగున అలాంటివి ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు.

ఆ మడతలు ఎందుకు విప్పదో పోయినేడు తెలిసింది. టీచర్ల చదువు వివరాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కించే పని నా మీద పెట్టారు. అనురాధక్క ఫైలులో టెన్త్ సర్టిఫికెట్టు ఉంది, ఇంటర్ సర్టిఫికెట్టు ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. డిగ్రీ పట్టా ఎక్కడో పడిపోయి ఉంటుందనుకుని బస్సులో అడిగాను.

"పడిపోలా. ఉండేదే అంత, మే" అంది, కిటికీలోంచి చూస్తూ.

మిగతాది చెప్పడానికి ఆమెకు నెల పట్టింది. రోజుకు కాస్త, బస్సు మోతలో.

నెల్లూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె క్లాసు ఫస్టు. మూడో ఏడు రెండో సగం, అంటే ఆరో సెమిస్టర్, పోలండ్‌లో చదవడానికి ఆ కాలేజీ నుంచి ఇద్దరిని ఎంపిక చేశారు. ఖర్చు అక్కడి యూనివర్సిటీదే. రెండో అమ్మాయి ఇంట్లో ఒప్పుకోలేదు. ఈమె వెళ్లింది. జోసెఫ్ గారు ఆ వారమంతా టికెట్టు టికెట్టుకూ చెప్పుకున్నారట. చర్చిలో ప్రతి బుధవారం ఆమె క్షేమం కోసం ప్రార్థన పెట్టారు. వాళ్లమ్మ రెబెకమ్మ, ఉదయగిరిలో చెక్కే చెక్క స్పూన్లు డజను కొని, అక్కడి వాళ్లకు ఇమ్మని పెట్టెలో సర్దింది.

"మొదటి నెల నోరు తెరిస్తే ఒట్టు. నా రూములో ఒక బెలారస్ పిల్ల ఉండేది. మన చెక్క గరిటెతో బీట్‌రూట్ చారు తిప్పతా, 'మాట్లాడు, తప్పయినా మాట్లాడు' అని నా మీద అరిచేది. ఆ పిల్ల అరుపులకే మాట్లాడినాను. అయిదు సబ్జెక్టులు. అన్నిట్లో మంచి మార్కులు. మనం చదివేది ఎందుకో తెలిసి చదవడం, సార్‌ను ఎదురు ప్రశ్న అడగడం, అవన్నీ ఆడనే. నేను చదువుకున్నాను అని చెప్పుకోవాలంటే ఆ అయిదు నెలలే మే. అవే లెక్కలోకి రాలా" అంది.

తిరిగి వచ్చాక తేలింది. అక్కడ ఆమె చదివిన సబ్జెక్టుల పేర్లు వేరు, ఇక్కడి ఆరో సెమిస్టర్ సబ్జెక్టులు వేరు. దేనికి బదులు ఏది అన్నది పంపించే ముందు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. "యూనివర్సిటీ కమిటీకి రాసినాం, వస్తుంది, నువ్వు ఫోర్త్ ఇయర్ కానీ" అన్నాడు అప్పటి ప్రిన్సిపాల్. ఆమె నాలుగో ఏడు కూడా చదివి ఫస్టు క్లాసులో పాసయింది. చివరి మార్కుల జాబితాలో ఏడు సెమిస్టర్లకు మార్కులున్నాయి. ఆరో వరస ఖాళీ.

"ఫెయిల్ అని పడుంటే మళ్లీ రాసుకునేదాన్ని. ఖాళీని ఏం రాసేది? పరీక్ష కట్టాలంటే ఆ సెమిస్టర్‌కు ఇక్కడ నాకు హాజరు లేదు. జూనియర్లతో కూర్చుంటానంటే, ఫైలు కదులుతా ఉండాది, ఏడాది ఎందుకు పోగొట్టుకుంటావు అన్నారు. నమ్మినాను."

ఫైలు కదులుతూ ఉండగానే కరోనా వచ్చింది. ఆ తర్వాత పిల్లలు చేరక కాలేజీ మూతపడింది. పట్టా ఇవ్వాల్సిన ఇక్కడి యూనివర్సిటీకి పదకొండుసార్లు వెళ్లింది. కాలేజీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. కాలేజీ గేటుకు తాళం ఉంది. నాలుగేళ్ల చదువును ఎనిమిదేళ్లలో ముగించాలన్నది నిబంధన. ఆ గడువు 2023లో దాటిపోయింది. ఇక ఎవరూ ఏమీ చెయ్యలేమన్నారు.

"ఇంట్లో చెప్పలేదా అక్కా?"

"ఏమని? వచ్చిన వారమే చర్చిలో సాక్ష్యం చెప్పినాను, దేవుడు నన్ను క్షేమంగా తీసుకుపోయి తీసుకొచ్చినాడని. అందరూ ఏడ్చినారు. మా నాన్న ఈ రూట్లో ఎక్కిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు. సర్టిఫికెట్టు వెరిఫికేషన్‌లో ఉండాది అన్నాను. రెండేళ్లు అడిగినాడు. తర్వాత వచ్చేసిందనుకున్నాడు. నేను కాదనలా."

సురేంద్రబాబు గారికి మాత్రం తెలుసు. చేరిన రోజే చెప్పిందట. "పట్టా లేదు గాబట్టి జీతం ఇంటర్ వాళ్లకిచ్చేదే ఇస్తా. ఫోటో మాత్రం పెద్దదేయిస్తా, దానికేం" అని నవ్వారట.

పోయిన డిసెంబరులో ఒక శనివారం, వింజమూరు నుంచి రాజమోహన్ గారనే రైతు తన కూతురు సుకన్యను వెంటబెట్టుకుని మిఠాయి డబ్బాతో బడికి వచ్చారు. సుకన్య ఇక్కడే మా హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. నెల్లూరులో మరో కాలేజీలో ఇంజనీరింగ్ మూడో ఏడు. ఆరో సెమిస్టర్‌కు హంగరీ వెళ్లడానికి ఎంపికైంది. అనురాధక్కనూ నన్నూ సురేంద్రబాబు గారి గదిలోకి పిలిచారు.

"మీ ఉపన్యాసాలు వినే గదా మేడమ్, మా పాప ఈ పట్టు పట్టింది" అన్నారు రాజమోహన్ గారు. "అన్నం తినేటప్పుడు గూడ మంచే మంచు. ఈ పిల్ల ఎండకే తట్టుకోదు, చలికి తట్టుకుంటుందా అని మా ఇంట్లో ఆమె బాధ."

అనురాధక్క మిఠాయి చేతిలోకి తీసుకుంది గానీ తినలేదు. "మీ కాలేజీ నుంచి లెటర్ తీసుకున్నావా?" అని సుకన్యను అడిగింది.

"ఏం లెటర్ మేడమ్?"

"అక్కడ చదివేవి ఇక్కడ ఏ సబ్జెక్టులకు బదులో, మార్కులు ఎట్లా కలుపుతారో, సంతకం పెట్టిన కాగితం."

"ఏం ప్రాబ్లం లేదని ప్రిన్సిపాల్ సార్ చెప్పినారు మేడమ్."

"చెప్పడం కాదు సుకన్యా. కాగితం. అది చేతికొచ్చినాకనే విమానం ఎక్కు."

రాజమోహన్ గారు నవ్వారు. "పంపించేదే వాళ్లు గదా మేడమ్, వాళ్లకు తెలీకుండా ఉంటుందా? లిస్టులో రెండో పిల్ల బట్టలు సర్దుకోని కూర్చోనుండాది. మనం కాగితాలు గీగితాలు అన్నామంటే, ఈళ్లు పేచీకోరోళ్లని ఆ పిల్లను పంపించేస్తారు."

అనురాధక్క మిఠాయిని బల్ల మీద పెట్టింది. "నాకు డిగ్రీ లేదండీ" అంది.

సురేంద్రబాబు గారు గట్టిగా నవ్వారు. "మా మేడమ్ తమాషాకు అంటా ఉంటాది. తినండి, తినండి."

ఆమె ఫోనులో మార్కుల జాబితా ఫోటో తెరిచి రాజమోహన్ గారి ముందు పెట్టింది. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, స్క్రీను పెద్దది చేసి, మొత్తం చూశారు. "అన్నీ ఫస్టు క్లాసే గదమ్మా! ఇదొక్క వరస ప్రింటు పడలా. పోయి అడిగితే ఏసిస్తారు."

"గడువు దాటేదాకా అయిదేళ్లు అడిగినానండీ."

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న సుకన్య లేచి నిలబడింది. "ఇక్కడ చదివినన్నాళ్లూ మీరు స్టేజీ మీద చెప్తే విన్నాను మేడమ్. ఒక్కసారన్నా ఈ మాట చెప్పినారా? నాకు సీటొచ్చినాకనే గుర్తొచ్చిందా?"

"ఊరుకోమే. టీచరమ్మతో అట్లనా మాట్లాడేది?" అని కసిరి, రాజమోహన్ గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు గూడ ఈడనే పన్జేస్తుండావు గదా. ఆమె చెప్పేది నిజమేనా?"

ఆ ఫైలును నా చేతులతో ఎక్కించాను. సురేంద్రబాబు గారు నన్నే చూస్తున్నారు. నేను మిఠాయి డబ్బా మూత మీది అక్షరాలు చదువుతూ, "నాకు తెలీదండీ" అన్నాను.

ఆ సాయంత్రం బస్సులో అనురాధక్క ఎప్పటిలాగే కిటికీ సీటు నాకే ఇచ్చింది. క్షమించమని అడగాలని ఉదయగిరి కొండ కనబడేదాకా అనుకుంటూనే ఉన్నాను. ఆ మాట కూడా బయటికి రాలేదు.

జనవరి చివర్లో సుకన్య నుంచి ఆమెకు ఒక ఫోటో వచ్చింది. నల్ల కోటు. మోకాళ్ల దాకా మంచు. కింద ఒక్క వాక్యం: మీరు చెప్పినట్టే ఉంది మేడమ్.

"లెటర్ సంగతి అడగలేదా అక్కా?"

"ఇప్పుడు అడిగి ఏం లాభం మే? పిల్ల సంతోషంగా ఉండాది. ఆ అయిదు నెలలన్నా ఉండనీ."

ఫిబ్రవరిలో వార్షికోత్సవం. ఈసారి ఫ్లెక్సీ మీద రెండు ఫోటోలు, పక్కపక్కనే, ఇద్దరూ మంచులో. మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో జోసెఫ్ గారు ఖాకీ చొక్కాతోనే వచ్చి, మెడలో టికెట్ల మిషను వేలాడుతుండగా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. శాలువా కప్పారు. అనురాధక్క మైకు తీసుకుంది. ఆమె తండ్రిని చూసిందో లేదో నాకు తెలియదు.

మంచు గురించి చెప్పలేదు. "ఈ శాలువాలు నాకెందుకు కప్పుతున్నారో చెప్పాలి" అని మొదలుపెట్టింది. కమిటీ, మూతపడిన కాలేజీ, పదకొండు ప్రయాణాలు, ఎనిమిదేళ్ల గడువు, ఖాళీగా ఉన్న ఆరో వరస, అన్నీ వరసగా, లెక్క చేసి చూపించినట్టు చెప్పింది. "నేను చదివినదానికి రుజువు లేదు. ఇక రాదు. మీరెవరైనా వెళితే ముందు కాగితం రాయించుకోండి. సుకన్యకు సమయానికి చెప్పలేకపోయాను" అని ఆగింది.

పిల్లలు అలవాటుగా చప్పట్లు కొట్టారు. సురేంద్రబాబు గారు మైకు అందుకున్నారు. "చూసినారా! ఇన్ని కష్టాలు, ఇన్ని అవరోధాలు! అయినా అధైర్యపడకుండా ఈ రోజు మన ముందు ఇంత ఎత్తులో నిలబడింది. ఇదీ స్ఫూర్తి అంటే! ఇంకోసారి గట్టిగా!"

ఇంకోసారి గట్టిగా కొట్టారు. ముందు వరసలో ఒకామె కళ్లు తుడుచుకుని, "ఎంత పట్టుదలో" అంది పక్కామెతో. అనురాధక్క ఖాళీ చెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయింది. అప్పటికే డాన్సు పాట మొదలైంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. జోసెఫ్ గారు చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులతో టికెట్ల మిషను పట్టుకుని, దానిలోకే చూస్తున్నారు.

ఆరింటి బస్సులో ఇద్దరం కూర్చున్నాం. బస్సు కదిలాక ఆయన మా దగ్గరికి వచ్చారు. అనురాధక్క అడక్కముందే ఆధార్ కార్డు తీసి చాపింది. ఆయన దాని వైపు చూడలేదు. రెండు సున్నా టికెట్లు కొట్టి చేతికిచ్చారు. ఖాకీ జేబులోంచి మడిచిన పేపరు ముక్క అంచు కనబడుతోంది. ఆయన వేలు దాని దాకా వెళ్లింది. దాన్ని జేబులో ఇంకా లోపలికి నొక్కి, "టికెట్, టికెట్" అంటూ ముందు సీట్లకు జరిగారు.