పెన్సిలుతో రాసిన నల్ల కొంగ

పిట్టల్ని చూసే మా బృందంలో బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని మేమంతా సంచి అని పిలుస్తాం. చేరిన కొత్తలో కరెంటు స్తంభం మీద తెల్ల గుడ్లగూబను చూశానని ఫోటోతో సహా వచ్చాడు. ఫోటో పెద్దది చేసి చూస్తే అది గాలికి ఎగిరొచ్చి చిక్కుకున్న పాల సంచి. ఆ రోజు మేం నవ్విన నవ్వుకి నా దుకాణంలో అద్దాలు పగలకపోవడం నా అదృష్టం.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఆదివారం ఉదయం కళ్ళు పరీక్ష చేసే వెనకగదిలో మేం ఏడుగురం చేరి, వారమంతా ఎవరు ఏ పిట్టను చూశారో చెప్పుకుంటాం. లకుముకిపిట్ట, వడ్రంగిపిట్ట లాంటి ఊరి పిట్టలతో పేచీ లేదు. చలికాలంలో ఎక్కడినుంచో ఎగిరొచ్చే అరుదైన పిట్టల దగ్గరే గొడవంతా. అందుకని లెక్కల మాస్టారు ఒక కట్టుబాటు పెట్టారు. ఒక్కరే చూస్తే పుస్తకంలో పెన్సిలుతో రాయాలి. అదే రోజు అదే పిట్టను ఇంకొకరు కూడా చూస్తే సిరాతో దిద్దాలి. చలికాలపు చివరి ఆదివారం నాటికి సిరా పడని వరుసల్ని మాస్టారు రబ్బరుతో చెరిపేస్తారు. ఆయన చెరుపుతుంటే పిట్టల ఈకలు పీకుతున్నట్టే ఉంటుంది నాకు.

మా డ్రైవరు నల్ల కొంగను రెండు చలికాలాలు వరసగా పెన్సిలుతో రాయించాడు. రెండుసార్లూ చెరిపేశారు. మూడో చలికాలం మళ్ళీ రాయించాడు. ఉదయం మొదటి ట్రిప్పులో, మూతబడిన రాళ్ళ క్వారీ గుంతలో, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, తెల్ల పొట్ట అని పూస గుచ్చినట్టు చెప్పాడు. మాస్టారు కారులో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చారు. వాళ్ళకి కనిపించింది క్వారీ చుట్టూ ఉన్న గోడ, దాని గేటుకి తాళం.

"కారులోంచి కనపడదండీ. గోడ ఎత్తు. బస్సులో నా సీట్లో కూర్చుంటేనే గోడ అవతల నీళ్ళు కనిపిస్తాయి," అన్నాడు డ్రైవరు.

"అయితే నీ ఒళ్ళో కూర్చోవాలన్నమాట," అన్నారు మాస్టారు. అందరం నవ్వాం. అందరిలోకీ గట్టిగా నవ్వింది నేనే, ఒప్పుకుంటాను. నిజానికి ఏటా డ్రైవరు కళ్ళు పరీక్ష చేసి డిపోకి కాగితం రాసిచ్చేది నేను. అట్టడుగు వరుస చిన్నక్షరాలు తడుముకోకుండా చదువుతాడు. ఆయన లోపం కళ్ళలో కాదు, తొందరలో. అది తెలిసి కూడా చలిలో తెల్లవారుజామున లేచి బస్సెక్కడానికి ఒళ్ళు వంగలేదు. కడుపులో చల్ల కదలకుండా పిట్టల్ని చూసే రకం మేమంతా.

చివరి ఆదివారానికి మూడు రోజుల ముందు డ్రైవరు భార్య కళ్ళజోడుకి మర బిగించుకోవడానికి వచ్చింది. మర బిగించి ఇచ్చినా ఆవిడ కదల్లేదు.

"అక్కా, మీ దగ్గర్నుంచి వచ్చిన రోజు మా ఆయనకి ముద్ద దిగట్లేదు," అంది. "కొత్త వంతెన తెరుస్తున్నారట. వచ్చే నెల నుంచి బస్సు ఆ దారిన పోదు. ఇప్పుడు కూడా చెరిపేస్తే ఇంక ఆ పుస్తకం ముట్టనంటున్నాడు. ఒక్కసారి బస్సెక్కి చూడండి. లేకపోతే లేదని మీరే చెప్పండి. మీ మాటంటే ఆయనకి గురి."

నా మాట మీద అంత గురి ఉన్న మనిషిని చూసి నవ్వాను కదా అని సిగ్గేసింది.

శనివారం మొదటి బస్సెక్కి, డ్రైవరుకి ఎడంపక్క, ఆయన సీటంత ఎత్తున్న ముందు సీట్లో కూర్చున్నాను. నన్ను చూసి ఆయన చేతిగుడ్డతో ముందద్దం రెండోసారి తుడిచాడు. బస్సులో కూరగాయల గంపలు, సగం నిద్రలో ఉన్న మిల్లు కార్మికులు, నా మెడలో దుర్భిణి. కండక్టరు దాన్ని చూసి, "ఎక్కడ దిగుతారమ్మా?" అని అనుమానంగా అడిగింది.

గోడ మొదలవుతుండగా డ్రైవరు తల తిప్పకుండానే, "మలుపు దాటాక రోడ్డు మెరక ఎక్కుతుంది, అప్పుడు ఎడమవైపు చూడండి, అక్కయ్యగారూ. నీళ్ళు కనిపించేది ఎనిమిది సెకన్లే," అన్నాడు.

దుర్భిణి ఎత్తే పని కూడా లేకపోయింది. మంచు తెర కింద, మోకాలి లోతు నీళ్ళలో, నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. ఎర్ర ముక్కు, తెల్ల పొట్ట. మెడ సాచి మమ్మల్నే చూసింది. అంతలో బ్రేకు పడి ముందుకు తూలాను. గోడ మళ్ళీ అడ్డొచ్చింది.

"చూశారా?"

"చూశాను నాయనా. కళ్ళారా చూశాను."

స్టీరింగు మీద ఆయన వేళ్ళు తాళం వేస్తున్నాయి.

మర్నాడు గదిలో నేను సిరా కలం మూత తీసి కూర్చున్నాను. ఇంత గర్వంగా ఆ పుస్తకం నేనెప్పుడూ తెరవలేదు. నేను చూసిందంతా చెప్పాను. మాస్టారు వేలు పెట్టి కట్టుబాటు చదివారు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే పిట్టను చూసి ఉండాలి.

"ఆవిడ చూశారు. నువ్వూ చూశావుగా?" అని డ్రైవరుని అడిగారు.

అవును అంటే చాలు. మూడు చలికాలాల మాట అక్కడే సిరాలో నిలబడిపోయేది. ఆయన పుస్తకం వంక చూశాడు, నా వంక చూశాడు.

"లేదండీ," అన్నాడు. "సరిగ్గా అప్పుడే ఒక సైకిలాయన అడ్డంగా వచ్చాడు. నేను రోడ్డు చూస్తున్నాను. నిన్న కొంగని చూసింది అక్కయ్యగారొక్కరే."

నాకు ఒళ్ళు మండింది. బంగారం లాంటి అవకాశాన్ని చేజేతులా వదులుకుంటాడా ఎవడైనా? మరుక్షణమే కళ్ళు చెమర్చాయి. కట్టుబాటు ప్రకారం నాదీ పెన్సిలే, ఆయనదీ పెన్సిలే. రెండు వరుసలూ రబ్బరుకే పోతాయి.

మాస్టారు రబ్బరు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పారు. తరవాత దాన్ని బల్ల మీద పెట్టి, నా చేతిలో కలం లాక్కున్నారు.

"చూడనిది చూడలేదని చెప్పిన మనిషి," అన్నారు, "చూశానన్న రోజు చూసే ఉంటాడు. ఇన్నేళ్ళూ లెక్కలు చెప్పాను, ఈ పాటి లెక్క నాకు ఇప్పుడు తెలిసింది."

ముందు డ్రైవరు వరుస మీద, తరవాత నా వరుస మీద మెల్లగా సిరా దిద్దారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. డ్రైవరు తడి ఆరేదాకా ఆ పేజీ మీదికి వంగి ఊదుతూనే ఉన్నాడు.

"వచ్చే ఏడు ఆ దారిన బస్సుండదండీ," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "ఇక చూడ్డం కుదరదు."

"మా ఇంట్లో నిచ్చెన ఉంది," అన్నారు మాస్టారు. "గోడ దాకా నేను మోసుకొస్తాను. ముందు మీరు ఎక్కండి. మీరు ఉందంటే, అప్పుడు నేనెక్కుతాను."