మా మామయ్య కొనని బండ్లు

ఆ రోజుల్లో మా బెజవాడలో ఎవరైనా కారు కొంటున్నారంటే మొదట అడిగే మాట ‘లీటరుకెంతిస్తుంది?’ అని. ఆ తర్వాత రంగు, ఆపైన ఎదురింటివాళ్ల కారుకంటే పొడుగా కాదా అన్నది. మా మామయ్య ఒక్కడే ‘ఎంత బరువు లాగుతుంది? ఇసకలో దిగబడుతుందా?’ అని అడిగేవాడు. షోరూము కుర్రాళ్లు బిత్తరపోయేవాళ్లు. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన మనిషి, కాపురం చూస్తే గుణదలలో. ఈయనకి లాగడానికేముంది, దిగబడడానికి ఇసకేది అని వాళ్ల అనుమానం. నేనప్పుడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరి, మామయ్య ఇంటి మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. అద్దె లేదు, భోజనం అత్తయ్య చేతిది. అందుకు బదులుగా నా ఆదివారాలన్నీ మామయ్య బండి ఎంపికకు సమర్పయామి.

ఇంతకీ ఈ బండి గొడవంతా అత్తయ్య కోసమే. ఆవిడ గుండె బలహీనపడింది. ఆపరేషన్ తట్టుకోలేదన్నారు డాక్టర్లు. తిరగాలనుంటే కాస్త తిరగనివ్వండి, అలిసినప్పుడల్లా పడుకోబెట్టండి అన్నారు. ఆవిడ కోరిక ఒక్కటే, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోటు చూడాలని. “పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్లే తాగుతున్నాం. చివరికెక్కడికి పోతున్నాయో చూడొద్దూ?” అనేది. అక్కడ రోడ్డు అయిపోయాక అంతా ఇసకే. దాంతో మామయ్య ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ల చేత చక్రాల మీద ఒక చిన్న గది కట్టించాడు. లోపల మంచం, ఫ్యాను, కాఫీకి స్టవ్వు. ఇక దాన్ని వెనకేసుకుని లాగే బండి, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అంది ఇసకనీ బురదనీ దాటే బండి కావాలి. బండి లేకుండానే బండికి తగిలించే గది వచ్చేసింది కాబట్టి వీధిలోవాళ్లు ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని నవ్వుకున్నారు. సంగమం అయ్యాక అరకు, ఆ పైన కొండలూ అడవులూ అని మామయ్య ప్లాను. అంత ఓపిక అత్తయ్య ఒంట్లో లేదని ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

మొదటి టెస్ట్ డ్రైవు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. షోరూము కుర్రాడు బండి మా గుమ్మం ముందు ఆపాడు. అత్తయ్య మంగళగిరి చీర కట్టుకుని, పళ్లెంలో నిమ్మకాయలు, కొబ్బరికాయ, హారతి కర్పూరంతో మెల్లగా బయటికొచ్చింది. కొత్త బండి నిమ్మకాయలు తొక్కకుండా ఆవిడ అందులో కాలుపెట్టదు (సొంతమా పరాయిదా అన్నది బండికి సంబంధించిన విషయం, దిష్టికి కాదు). చక్రాలకింద నిమ్మకాయలు పెట్టించింది, కొబ్బరికాయ నా చేత కొట్టించింది, బానెట్ మీద బొట్టు పెట్టింది. బండి అమ్ముడైపోయిందన్న సంతోషంతో ఆ కుర్రాడికి కళ్లమ్మట నీళ్లొక్కటే తక్కువ. పక్కకెళ్లి మేనేజరుకి ఫోన్ చేశాడు. మేం పామర్రు దాకా వెళ్లి, కాలవ గట్టున పులిహోర తిని, ఆ అబ్బాయికీ పెట్టి, తిరిగి షోరూముకి వచ్చేసరికి రిబ్బను, మనిషంత అట్టముక్క తాళంచెవి, కేకు, ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నారు. మామయ్య అయోమయంగా చూసి, “బాబూ, నేనింకా టార్క్ సంగతి, అదే లాగే బలం సంగతి, అడగనేలేదు” అన్నాడు. అత్తయ్య మాత్రం కేకు వద్దనలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే తంతు. స్టీరింగు నాది, పక్క సీటు అత్తయ్యది, వెనక సీటు మామయ్యది. ఒక బండికి బలముంది గానీ ఎత్తు లేదు. ఇంకోదానికి ఎత్తుంది గానీ వెనక గది తగిలిస్తే ముక్కు పైకి లేస్తుందన్నాడు మామయ్య. ఒకటి అన్నిట్లోనూ నెగ్గింది, అమ్మయ్య అనుకున్నాను. అత్తయ్య సీట్లో అటూ ఇటూ కదిలి, “అద్దంలోంచి కాలవ కనపడ్డం లేదండీ” అంది. మామయ్య వెంటనే దాన్ని కొట్టేశాడు. ఈలోగా బందరు రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్లన్నీ, వరినాట్లూ, చెరుకుతోటలూ, అరటితోటలూ పరాయివాళ్ల పెట్రోలు మీద తిరిగేశాం. నాకు ఒళ్లు మండేది. నా ఈడువాళ్లు ఆదివారం మ్యాట్నీలకి పోతుంటే నేను అద్దంలోంచి కాలవ కనపడే జీపు కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను.

చివరికి ఒక షోరూమువాళ్లు, వీళ్లని వదిలించుకుందామనో ఏమో, ఇసకలోనే చూసుకోండని సముద్రం దాకా బండి పంపారు. హంసలదీవి దాటి రోడ్డు అయిపోగానే, ఇక్కణ్ణుంచి నేను నడుపుతానని మామయ్య స్టీరింగు పట్టాడు. ఎన్నో నెలలుగా నాలుగు చక్రాల శక్తి గురించి మాకు క్లాసులు పీకిన ఆ మహానుభావుడు, సముద్రపు హోరు వినపడగానే సంబరంలో ఆ నాలుగు చక్రాలకీ బలమిచ్చే మీట వెయ్యడమే మరిచిపోయాడు. బండి కడుపుదాకా ఇసకలో కూర్చుంది. టైర్లలో గాలి ఎక్కువైందని మామయ్య అంటే, “ఆడలేక మద్దెల ఓడన్నాట్ట” అని అత్తయ్య ఆయాసం వచ్చేదాకా నవ్వింది. రొయ్యల చెరువుకి పోతున్న ట్రాక్టరాయన మోకు కట్టి, లాగడానికని వచ్చిన మా బండిని లాగి రోడ్డు మీద పడేశాడు. అత్తయ్యని చూసి, “ట్రక్కులో గడ్డేసి కూచోబెడతానమ్మా, సంగమం దాకా దింపి తీసుకొస్తాను” అన్నాడు.

అత్తయ్య మామయ్య వైపు చూసింది. మామయ్య ఇసక దులుపుకుంటున్నాడు.

“వద్దు నాయనా. మా ఆయన బండి కొన్నాక అందులోనే వస్తాను” అంది.

తిరుగుదారిలో మామయ్య వెనక సీట్లో కునికిపాట్లు పడుతుంటే, ఎక్కమంటే ఎక్కకపోయావేం అని అత్తయ్యని మెల్లగా కసిరాను. “అది చూసేస్తే ఇంకేముందిరా? వచ్చే ఆదివారం ఏం చెయ్యాలో తోచక నా మంచం పక్కన కూచుని నన్నే చూస్తుంటారు. ఆ చూపు నేను భరించలేను” అంది.

ఆ కార్తీకంలో అత్తయ్య పోయింది. బండి ఏదో తేలనే లేదు. అస్థికలు పట్టుకుని మామయ్యా నేనూ అద్దె కారులో హంసలదీవి వెళ్లి, అక్కణ్ణుంచి ట్రాక్టరు ట్రక్కులో సంగమానికి చేరాం. పని అయ్యాక మామయ్య తడి పంచెతో చాలాసేపు నిలబడ్డాడు. ఆ నదీ ఆ సముద్రమూ ఎక్కడ కలుస్తున్నాయో విడిగా తెలియడం లేదు. నాకు దుఃఖం ఆగక, ఆ రోజు అత్తయ్య అన్నమాట చెప్పేశాను.

“తెలుసురా” అన్నాడు. “ఇక్కడికి రావడానికి మొదట చూసిన బండే సరిపోయేది. చూసేశాను, ఇక చాలు అంటుందేమోనని నాకు భయం. అందుకే నేనూ వంకలు పెట్టేవాణ్ణి.”

ట్రక్కులో వెనక్కి వస్తూ ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోకుండా ఏడ్చాం.

మ్యాట్నీ పోయిందని ముఖం మాడ్చుకుని స్టీరింగు తిప్పిన ఆ కుర్ర లెక్చరరు గుర్తొస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. తన జీవితంలోకెల్లా మంచి ఆదివారాలు అవేనని తెలియదు వెర్రివాడికి. పక్కన ఒకావిడ ఇంకాస్త దూరం పోనివ్వరా అంటుంటే, టైమైపోయింది అత్తయ్యా, బండి తిరిగిచ్చెయ్యాలి అని తొందరపెట్టేవాడు.