సీటు కోసం ఆపిన విమానం

మదనపల్లెలో కట్టుడు పళ్ళు చేయడం నా పని. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తారు, నేను పళ్ళ సెట్టు చేసి వాళ్ళకు పంపిస్తాను. ఆ పని అయిపోయాక అదే బల్ల మీద, అవే సన్న పనిముట్లతో, యుద్ధ విమానాల మోడళ్ళు కడతాను. డబ్బాలో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. వాటిని కోసి, అతికించి, గరుకు కాగితంతో రాకి, రంగులు వేసి, అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు సైజులో నిలబెట్టాలి. ‘బొమ్మలు’ అంటే ఒకప్పుడు నాకు మండుకొచ్చేది. మోడల్ అనాలని మా ఆవిడతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. ఇప్పుడు ఎవరేమన్నా ఊరుకుంటున్నాను.

ఈ పిచ్చి మొదట్లో మామూలుగానే ఉంటుంది. డబ్బాలో వచ్చింది వచ్చినట్టు కట్టేసి మురిసిపోతాం. ముదిరితేనే కష్టం. డబ్బాలో ఇచ్చిన సీటు నచ్చదు, ఏ దేశం నుంచో రెజిన్‌తో పోసిన వేరే సీటు తెప్పిస్తాం. ఆ సీటుకు బెల్టులు నచ్చవు, వెంట్రుక మందం రేకులో కోసిన బెల్టులు తెప్పిస్తాం. వీటన్నిటికీ మళ్ళీ పుస్తకాలు. ఒక్క రకం విమానం మీదే రెండు మూడు వందల పేజీలు, చక్రం ముడుచుకునే గుంతలో ఏ వైరు ఏ పక్కకు పోతుందో ఫోటోలతో సహా. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదేనని మా ఆవిడ అంటుంది. నిజమే. మేము ఆ ఈకలకు కొలతలు కూడా తీస్తాం.

పుంగనూరు పెద్దాయన నా దగ్గరికి పళ్ళ కోసమే వచ్చాడు. డాక్టరు పంపిన సెట్టు చిగుళ్ళకు గుచ్చుకుంటోందని, డాక్టరుతో పనేముంది చేసినవాడినే అడుగుతానని, అడ్రసు పట్టుకుని నేరుగా వచ్చేశాడు. నేను సెట్టు రాకుతుంటే అల్మారాలో ఉన్న మిగ్ విమానాన్ని వంగి, తల పక్కకు తిప్పి చూశాడు. అప్పటికే ఆయన ఏదైనా చూడాలంటే తల తిప్పి తిప్పి వెతుక్కునేవాడు. నేను అది గమనించలేదు.

“ముక్కు మీద ఈ గొట్టం నడిమిట్లో పెట్టినావే అప్పా. మా దాంట్లో కుడిపక్కకి జరిగి ఉంటాది” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పళ్ళు లేని ముసలాయన నాకు మిగ్ గురించి చెప్పడమా అనుకున్నాను.

“మీకెట్ల తెలుసు సార్?”

“ఆరేండ్లు ఆ గొట్టం కింద నిలబడుకోని పనిచేసినా. ఎయిర్‌ఫోర్సులో ఫిట్టర్ని. నాకు తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాది?”

ఆయన వెళ్ళాక పుస్తకం తీసి చూశాను. గొట్టం కుడిపక్కకే ఉంది. డబ్బాలో బొమ్మ గీసినవాడు తప్పు గీశాడు, నేను దాన్ని నమ్మాను. ఆ రోజు సిగ్గుపడ్డాను కానీ, బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు.

ఆ తర్వాత మేం స్నేహితులమయ్యాం. నా పుస్తకాలు పట్టుకుని నెలకోసారి పుంగనూరు వెళ్ళేవాణ్ణి. ఆయన ఇంటి వరండాలో కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. ఆయన భార్య కాఫీ ఇచ్చి, “ఇద్దురికీ ఒకే పిచ్చి, బాగా దొరికినారు” అనేది. నాకు ఆ మాట సంతోషంగా ఉండేది. మదనపల్లెలో నా పిచ్చిని పంచుకునే మనిషి ఒక్కడూ లేడు.

ఒకసారి ఆయన్ని కుప్పంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఆయన భార్యకు మోకాళ్ళ నొప్పులు, అందుకని నేను తోడు వెళ్ళాను. నీటికాసులని చెప్పాడు డాక్టరు. చుట్టూ చూపు ఎప్పుడో పోయిందట, మధ్యలో సన్నగా మిగిలి ఉందట, అది కూడా మూసుకొస్తోందట. “పోయింది తిరిగి రాదు. ఉండేది నిలబెట్టాలని సూస్తాం. నిలబడుతుందని నేను మాటియ్యలేను” అన్నాడు. పెద్దాయన తల ఊపి, చుక్కల మందు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు వి.కోట దాటింది. తర్వాత అడిగాడు.

“నా ఇమానం ఒకటి చేసిపెడతావా అప్పా?”

“ఏ ఇమానమైనా చేస్తా సార్.”

“ఏ ఇమానమైనా కాదు. నాది.” అన్నాడు. “ఆడ లోపల ఫోటో తీసుకోనీరు. కెమెరా అనే మాటే ఎత్తకూడదు. ఆరేండ్లు దాన్ని తుడిసి, బోల్టులు బిగించి పంపిస్తి. నాకాడ ఒక్క ఫోటో లేదు. తుక్కుకింద కోసేసినారంట. కండ్లుండంగానే ఒకసారి సూసుకోవాల్నని ఉండాది.”

గుర్తు చెప్పాడు. ఎడమపక్క, తోకకు ముందు, ఒక రేకు పలక దెబ్బతింటే ఆయనే వేరే విమానం నుంచి తీసి బిగించాడట. దాని రంగు మిగతా ఒంటితో కలవదట. దూరం నుంచి వస్తుంటే ఆ పలకను చూసే తనది అని గుర్తుపట్టేవాడట. నేను పుస్తకాల్లో వెతికాను, అలాంటి ఫోటో ఎక్కడా లేదు. లేనిది ఎట్లా వేయాలని నాలుగు రోజులు గింజుకున్నాను. పుస్తకాన్ని నమ్మాలా, బోల్టు బిగించిన చెయ్యిని నమ్మాలా అనేది కూడా ఒక సందేహమేనా? నాకు సందేహమే అయింది. చివరికి గొట్టం సంగతి గుర్తొచ్చి, ఆయన చెప్పినట్టే చేద్దామనుకున్నాను.

ఆ మోడల్ మీద పడ్డంత కష్టం నేను దేనిమీదా పడలేదు. ఒళ్ళంతా రాకి, పలకల మధ్య గీతలు మళ్ళీ వేలికి తెలియనంత సన్నగా చెక్కాను. మా పనిలో గోరు పెట్టి గీస్తే అతుకు తగలకూడదు, తగిలితే మళ్ళీ పూత, మళ్ళీ రాకుడు. అట్లా ఐదుసార్లు. పలక రంగు కోసం ఆయన్ని ఫోన్‌లో విసిగించాను. “ఆకుపచ్చేనప్పా, కొంచెం ఎండకి ఎలిసినట్టు ఉంటాది” అన్నాడు. ఎండకు వెలిసిన ఆకుపచ్చలు పదకొండు కలిపి ఒకటి ఎంచుకున్నాను. ఉగాదికి వారం ముందే రంగులు, అంకెలు, గుర్తులు అన్నీ అయిపోయాయి. నా జన్మలో అంత బాగా ఏదీ చేయలేదు. ఇప్పుడు కూడా ఆ మాట అనగలను.

సీటు మాత్రం రాలేదు. డబ్బాలో ఇచ్చిన సీటు వేరే రకం మిగ్‌ది. తల ఆనే దిండు ఆకారం తప్పు. సరైన సీటు బయటిదేశం నుంచి ఆర్డరు పెట్టాను, అది కస్టమ్స్‌లో ఆగిపోయింది. ఫోన్‌లో రోజూ చూసేవాణ్ణి, రోజూ అదే మాట, ‘పరిశీలనలో ఉంది’.

పెద్దాయన ఫోన్ చేశాడు. “ఎంతవరకు వచ్చింది అప్పా?”

“అంతా అయిపాయ సార్. సీటొకటి రావల్ల.”

“సీటు నాకెందుకు? నేను దాంట్లో ఏ పొద్దూ కూసోనేలేదు. నా పనంతా బయటే. పైన గాజు మూత మూసేసి తెచ్చీ.”

“అట్లెట్ల సార్, తప్పు సీటుతో?”

“డబ్బాలోది పెట్టేయరాదా?”

“దిండు తేడా ఉండాది సార్.”

“దిండా?” అని నవ్వాడు. “సరేలే. నీ ఇష్టం.”

మళ్ళీ రెండుసార్లు చేశాడు. ఒకసారి ఆయన భార్య చేసింది, “ఊరికే అడుగుతాండాడప్పా, సూడు” అని. వచ్చే వారం, వచ్చే వారం అని చెప్పాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తర్వాత వాళ్ళు ఫోన్ చేయడం మానేశారు. అప్పుడు నాకేమనిపించిందో దాచను. పోనీలే, తొందరపెట్టడం మానేశారు, నిదానంగా చేసుకోవచ్చని ఊపిరి పీల్చుకున్నాను.

ఉగాది పోయిన మూడు వారాలకు సీటు వచ్చింది. చింతగింజంత ఉంది. బెల్టులు అతికించి, లోపల కూర్చోబెట్టి, పైన గాజులాంటి మూత అంటించాను. మరునాడు థర్మాకోల్ పెట్టెలో పెట్టి, పుంగనూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని బయలుదేరాను. గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెను పైకి లేపి పట్టుకున్నాను. ముందు ఆ పలకనే చూపించాలని, ఆయన మొహం చూడాలని ఆశగా ఉంది.

ఆయన వరండాలోనే ఉన్నాడు. నేను మెట్లెక్కితే తల నా వైపు తిప్పలేదు.

“నువ్వేనా అప్పా? తెచ్చినావా?” అని రెండు చేతులూ ముందుకు చాపాడు. చేతులు నాకు కాస్త పక్కగా, గోడవైపు చాచి ఉన్నాయి.

విమానం తీసి ఆ చేతుల్లో పెట్టాను. రెక్క తడిమాడు, తోక తడిమాడు, ముక్కు మీద గొట్టం దగ్గర వేలు ఆపి, “కుడిపక్కకే పెట్టినావు” అన్నాడు. ఆ ఒక్కమాటకు మొహం విప్పారింది. “పలక యాడుండాది?”

ఆయన వేలు పట్టుకుని తోక ముందు ఆనించాను. “ఈడ సార్.”

“ఈడా?”

“ఈడనే.”

వేలు అటూ ఇటూ జరిపాడు. గోటితో గీశాడు. ఐదుసార్లు రాకిన ప్లాస్టిక్, ఏముంటుంది తగలడానికి?

“ఏం తగల్లేదే అప్పా.”

“రంగే తేడా సార్” అన్నాను. అనగానే నాలుక కోసుకోవాలనిపించింది.

“ఔను. నేను సెప్పింది రంగే కదా” అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు. “బాగుంటాదిలే. సీటు వచ్చిందా?”

వచ్చిందన్నాను. ఆయన వేలు మూత మీదికి పోయింది. నేను ఆగలేక జేబులోని బ్లేడు తీసి మూత ఊడదీశాను. అంచు విరిగింది. వేలు లోపల పెట్టబోయాడు. ఇనుముతో పనిచేసిన లావు వేలు, గోరు కొస తప్ప లోపలికి పోలేదు. “ఉండాది, ఉండాది” అని వేలు తీసేసుకుని, జాగ్రత్తగా నాకిచ్చి, టీవీ పక్కన పెట్టమన్నాడు.

నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. ఆయన భార్య మోకాళ్ళు పట్టుకుంటూ గేటు దాకా వచ్చింది.

“ఎప్పుడు పోయిందమ్మా సూపు?” అని అడిగాను.

“మొన్న మొన్ననే అప్పా. ఉగాది పొద్దు కూడా బాగుండె. బెల్లంలో ఏపపూత కలిపిస్తే, కాడలుండాయని ఒకటొకటి ఏరి పళ్ళెం అంచున పెట్టినాడు. నేనే తిడితి, ఊరికే మింగేయరాదా అని” అంది. ఆమె నన్ను ఏమీ అనలేదు, అడిగినదానికి చెప్పిందంతే.

వేపపూత కాడ, ఆ పలకలో పదో వంతు ఉండదు. ఉగాది రోజున విమానం రంగులన్నీ వేసుకుని, పలకతో సహా, నా బల్ల మీద గుడ్డ కప్పుకుని ఉంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సులో గంట.