అల్వాల్‌లో అధ్యక్షురాలు బయట కూర్చున్న పూట

మా లేసు సంఘానికి నన్ను అధ్యక్షురాలిగా ఉండమన్న రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. నర్సాపురం చుట్టుపక్కల ఇళ్లలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లం కలిసి, ఏజెంట్ల చేతుల్లోంచి బయటపడి మా సరుకు మేమే అమ్ముకుందామని ఈ మధ్యే సంఘం పెట్టుకున్నాం. అందరిలోకీ పెద్దదైన మరియమ్మ పిన్ని, "డిగ్రీ చదివినదానివి నువ్వొక్కదానివే. ఇంకెవరుంటారే?" అని తేల్చేసింది. నాకేమో చంటిపిల్ల. పైగా ఎవరైనా నలుగురిలో నన్నొక మాట అంటే ఆ రోజంతా అన్నం దిగని మనిషిని. వచ్చే ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక సమావేశం. అప్పటికి ఔనో కాదో చెప్పాలి. కాదనడానికే నా మనసు మొగ్గింది.

సంఘం రిజిస్టరు చేయించడానికి వచ్చిన శిక్షకురాలు నా మొహం చూసి ఒక సలహా ఇచ్చింది. "సికింద్రాబాద్ దగ్గర అల్వాల్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్ల సంఘం ఉంది. మీ సమావేశానికి వారం ముందే, ఈ ఆదివారం వాళ్ల ఏడాది సమావేశం. చూసి వచ్చి అప్పుడు చెప్పండి" అంది. అలా బయల్దేరాను. సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్లు ఎవరైనా వెళ్లదలుచుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పాప నిద్రపోయాకే రాయడానికి వీలవుతోంది కాబట్టి అక్కడక్కడ తొందర కనిపిస్తే మన్నించాలి.

శనివారం సాయంత్రం నర్సాపురంలో హైదరాబాదు బండి ఎక్కాం. స్లీపరు టికెట్టు రెండు వందలలోపే. చంటిపిల్ల ఉందని చెబితే కౌంటరులో కింది బెర్తు ఇచ్చారు, మీరూ అడగండి. నా సంచిలో బట్టల కంటే మందులే ఎక్కువ. జ్వరానికొకటి, కడుపునొప్పికొకటి, రెండూ కాకపోతే ఇంకొకటి. పాలకొల్లులో ఎక్కిన ఒక పెద్దావిడ నా హడావిడి కాసేపు చూసి అడిగింది.

"ఏ ఊరు వెళ్తన్నావమ్మా?"

"సికింద్రాబాదండీ. ఒక సంఘం మీటింగు చూడ్డానికి."

"చంటిపిల్లనేసుకుని మీటింగుకా! మా కోడలు మేడ దిగాలన్నా నన్ను తోడు రమ్మంటాది" అని, ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం నా ఒళ్లో పెట్టింది. అది పొగడ్తో, వెటకారమో తెలియలేదు. కాయలు మాత్రం బాగున్నాయి.

బండి కాస్త ఆలస్యంగా, తెల్లగా తెల్లవారాక సికింద్రాబాద్ చేరింది. మారేడ్‌పల్లిలో మా మేనత్త ఉంటుంది. బడిలో టీచరుగా పనిచేసి రిటైరయింది. ఆటోవాడు యాభై అడిగి ముప్పై అయిదుకి దిగాడు. అత్తయ్య గేటు తీస్తూనే మొదలుపెట్టింది.

"ఆదివారం పూట గుడి ఎగ్గొట్టి మీటింగా?"

"రాత్రి బండిలో ప్రార్థన చేసుకున్నాను అత్తయ్యా."

"అబ్బో. దేవుడికి బెర్తు దొరికిందా మరి?"

స్నానం చేసి, అత్తయ్య పెట్టిన ఉప్మా తిని, తొమ్మిదికి బస్సు ఎక్కాను. పాపను తన దగ్గర వదిలి వెళ్లమంది గాని నాకు ధైర్యం చాలలేదు. అల్వాల్ బస్సులు స్టేషను ఎదుటి నుంచి దొరుకుతాయి. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట మీదుగా వెళ్తాయి. తిరుమలగిరి దగ్గర మిలిటరీ వాళ్ల గోడలూ చెట్లూ ఎంతసేపటికీ తరగవు. దిగవలసిన చోటు దాటిపోతుందేమోనని కండక్టరును మూడోసారి అడిగేసరికి, "అమ్మా, నువ్వు దిగకుంటే నేనే దించుతా. పిల్లను పట్టుకొని కూసో" అన్నాడు.

బస్సు దిగగానే ఎదురొచ్చిన మనిషి బాలమణి, ఆ సంఘం అధ్యక్షురాలు. నేను వస్తున్నానని శిక్షకురాలు ముందే ఫోన్ చేసి చెప్పిందట. యాభై ఏళ్లుంటాయి. చీర కుచ్చిళ్ల పక్కన తాళాల గుత్తి వేలాడుతోంది. "నర్సాపురం అమ్మవు నువ్వేనా? పిల్లను జూసి గుర్తుపట్టిన" అంటూ పాపను నా చంకలోంచి తీసేసుకుంది. వింత, పాప ఏడవలేదు.

వాళ్ల హాలు రెండు వీధుల అవతల. లోపల అడుగుపెట్టి అలా నిలబడిపోయాను. కుట్టుమిషన్లన్నీ గోడల వారగా జరిపి, కింద జంపఖానాలు పరిచారు. వంద మందికి పైగానే ఆడవాళ్లు. బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రుల దుప్పట్లు, రెండూ వీళ్లే కుడతారు. ఆరేళ్ల కిందట బాలమణి ఇంటి ముందు గదిలో నాలుగు మిషన్లతో మొదలైందట. ఈ హాలు చూస్తుంటే మా లేసు సంఘం, పెరట్లో పిల్లలు ఆడే బొమ్మరింటి ఆటలా అనిపించింది.

పదిన్నరకి సమావేశం మొదలైంది. ముందు అతిథి మాట్లాడాలట. అతిథిని నేనే. ఇలాంటి చోట్ల ఏం మాట్లాడతామో మనందరికీ తెలుసు కదా, నేనూ అదే మాట్లాడాను. "బాలమణిగారు లేకపోతే ఈ సంఘమే లేదు. దీనికి ప్రాణం ఆవిడే" అని చప్పట్ల కోసం ఆగాను. ఇద్దరు ముగ్గురు కొట్టారు. మిగతావాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏదో పొరపాటు మాట దొర్లిందని తెలిసింది. అదేమిటో మాత్రం తెలియలేదు.

ఏడాదిలో జరిగిన పనులు చదివాక బాలమణి లేచింది. "ఇగ నేను పోతున్న" అని చెప్పులేసుకుని బయటికి నడిచింది. నేను కంగారుపడి పక్కనున్న అమ్మాయిని అడిగాను. ఆమె పేరు సునీత. కాలర్లు కుడుతుంది. సంఘాన్ని నడిపే బోర్డులోకి ఈమధ్యే వచ్చింది.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"బయటికి. ఇప్పుడు అక్క గురించి మాట్లాడుకుంటం. అక్క ముందట ఎవరు నోరు తెరుస్తరు మేడం? మీరు సుత పోవాలె. బయటోళ్లు ఉండద్దు."

హాలుకు ఎదురుగా ఒక చాయ్ హోటలుంది. దాని బెంచీ మీద బాలమణి హాలుకు వీపు పెట్టి కూర్చుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. హోటలాయన నవ్వాడు.

"ఏందక్కా, ఈ ఏడు సుత బయటికి దోలిన్రా?"

"దోలిన్రు. రెండు చాయ్ ఇయ్యి, మాటలు జెర తక్కువ జెయ్యి."

ఎవరు పెట్టిన పద్ధతి ఇది అని అడిగాను. "నేనే" అంది. "నా ముందట ఎవ్వరు మాట్లాడ్తలేరని, నేను బయట కూసుంట, మీరు మాట్లాడుకోండ్రి అన్న. మొదటి ఏడు లోపట సప్పుడే లేదు. పోయి చూస్తే అందరు నేలదిక్కు చూస్తున్నరు. ఏం మాట్లాడుకున్నరే అంటే, నువ్వు మంచిదానివక్కా అన్నరు. ఆ దినం ఇంటికి పోయి ఏడ్చిన." హాలు వైపు చెయ్యి ఊపింది. "ఇప్పుడు జూడు, అంగడి లెక్క ఉన్నది."

నిజమే. లోపలి నుంచి అరుపులు, నవ్వులు, మళ్లీ అరుపులు. మాటలు తెలియడం లేదు గాని 'అక్క' అన్న పిలుపు మాత్రం మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ఆ గొంతుల్లో ఒక్కటి నా గురించి లేచినా నేనైతే ఆ బెంచీ మీద కూర్చోలేను. బాలమణి మాత్రం పాపను ఒళ్లో ఆడిస్తూ, గౌను అంచున ఉన్న లేసును వేళ్లతో తడుముతోంది.

"గిది నువ్వే అల్లినవా?"

"మా పిన్ని అల్లిందండీ."

"మీది మంచి పని. బయట కూసున్నప్పుడు సుత చేసుకోవచ్చు. నేను మిషన్ మోసుకొస్తనా!"

"భయం వేయదా?" అన్నాను. "ఏస్తది. రాత్రి బువ్వ సుత తినలే" అంది. చాయ్ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

చాలాసేపటికి సునీత గుమ్మంలోకి వచ్చి పిలిచింది. ఈసారి నన్నూ రమ్మంది. హాలులో బాలమణి అందరి ముందు నిలబడింది. ఏ మాట ఎవరన్నారో చెప్పరట, ఏమన్నారో మాత్రం బోర్డులో కొత్తగా చేరినవాళ్లు చెప్పాలట. అంతా అయ్యేదాకా ఆవిడ బదులు చెప్పకూడదు. సునీత నేలవైపు చూస్తూ చిన్నగా మొదలుపెట్టింది. వెనక నుంచి ఎవరో, "గట్టిగ జెప్పు పిల్లా, అక్క కొరకదు" అన్నారు. నవ్వులు. తర్వాత ఆ పిల్ల ఆగలేదు.

"అక్కా, నీతోనే ఆర్డర్లు వచ్చినయి. ఆఫీసులల్ల తిరిగినవు. మా పిల్లలు చదువుతున్నరంటే నీతోనే. అందరు అన్నరు. గని బడులు తెరిచే ముందు పెద్ద ఆర్డరు ఎవ్వర్ని అడగకుంట ఒప్పుకున్నవు. నెలంత రాత్రిళ్లు కుట్టినం. మంచి ఆర్డరే, గని అడగాలె. నువ్వు మీ చెల్లె ఇంటికి సిద్దిపేటకు పోతే హాలు తాళం తీసేటోళ్లు లేకుండె. మేము బయట కూసున్నం. బ్యాంకుకు నువ్వు గాక ఇంకొకరు పోతే, బాలమణి రాలేదా అంటున్నరు." ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. "బయటి నుంచి వచ్చిన మేడం సుత అక్క లేకుంటే సంఘం లేదన్నరు. అది మంచిమాట గాదు అక్కా. మాకు భయమైతున్నది. నువ్వు రేపు లేకుంటే మరి మేమేంది?"

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పొగుడుతున్నానని నేననుకున్న మాటే వాళ్ల భయం. బాలమణి తల ఊపింది. "సమజైంది" అంది. అంతే.

తర్వాత ఓటు. దానికి వాళ్లు వాడేది చొక్కా గుండీలు. ఈమెనే అధ్యక్షురాలిగా ఉంచాలంటే తెల్లది, మార్చాలంటే నల్లది. ఒక్కొక్కరూ వచ్చి గుడ్డసంచిలో పిడికిలి పెట్టి తీస్తున్నారు. బాలమణి కూడా వేసింది. సంచిని కత్తిరింపు బల్ల మీద కుమ్మరిస్తే లెక్కపెట్టకముందే తెలిసిపోయింది. బల్ల నల్లగా ఉంది.

తర్వాత చేతులెత్తి రజియా అనే ఆవిడను ఎన్నుకున్నారు. బోర్డులో ఉన్న మనిషే, కటింగ్ చూసుకుంటుందట. బాలమణి నడుము దగ్గరి గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"రేపు తొమ్మిదింటికల్ల తెరువాలె. వెనక కిటికీ గొళ్లెం సరిగ పడది, మర్చిపోకు. మోటరు..."

"అక్కా, గిదే వద్దన్నది!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. రజియా నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, "నీ నంబరు ఉంది గద అక్కా, పరేషాన్ అయితే నేనే చేస్తా" అంది. బాలమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుళాయి వైపు వెళ్లింది. ఆ వెనక ఎవరూ వెళ్లలేదు. వెళ్లకపోవడం కూడా మర్యాదేనని అప్పుడు నాకు అర్థమైంది.

ఒంటిగంటన్నరకి భోజనాలు. బగారా అన్నం, ఆలుగడ్డ కూర, పెరుగు. బాలమణి ముఖం కడుక్కుని వచ్చి, గరిటె పట్టుకుని వడ్డించింది. నా దగ్గరకొచ్చేసరికి ఆగలేక అడిగేశాను.

"నా మాట వల్లేనా అండీ?"

"నీ మాట వినకముందే గుండీలు ఏరిపెట్టుకున్నరు తల్లీ. పెరుగు ఏస్కో."

"బాధగా లేదా?"

"ఎందుకు లేదు? నేను కట్టిన సంఘమాయె." గరిటె గిన్నెలో పెట్టి నా పక్కన కూర్చుంది. "గని జూసినవా, నన్ను తీసేసిన్రు. నన్ను! ఆరేండ్ల కింద ఇంట్ల మొగని ముందల మాట్లాడనోళ్లు. ఆ సునీత అయితే పేరు అడిగితె కొంగు నమిలేది." ఎదురుగా అన్నం తింటున్న వాళ్లందరినీ కలయజూసింది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి, మొహంలో మాత్రం పండగ ఉంది. "రేపటి సంది నా మిషన్ మీద నేను కూసుంట. వచ్చే ఏడు రజియా బయట కూసుంటె నేను లోపట ఉంట. అప్పుడు జెప్త దాని సంగతి."

నాలుగింటికి బస్సు ఎక్కించి, పాప బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. మారేడ్‌పల్లిలో అత్తయ్యకు జరిగిందంతా చెప్పాను. చపాతీల పిండి కలుపుతూ అంతా వింది. చివరికి, "ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. మా హెడ్‌మిస్ట్రెస్ గదిలోంచి బయటికి పోగా చూడలేదు" అంది. చపాతీలు కట్టిచ్చి, రాత్రి బండికి స్టేషనుకు తనే వచ్చింది.

సికింద్రాబాద్ స్టేషను చూడడం ఇదే మొదటిసారి కాదు. ఆ జనం, ఆ మెట్లు, ఆ ఎర్రచొక్కాల కూలీలు ఎప్పుడూ ఉండేవే. కానీ నా జీవితంలో నేను చూసిన పెద్ద సంగతి ఈ నగరంలో ఒక కుట్టుపని హాలులో జరిగింది. ఒక మనిషిని ప్రేమిస్తూనే దించారు. దిగిన మనిషి వాళ్లకే అన్నం వడ్డించింది. ఒక మాట పడితే అన్నం దిగని నేను, ఇవాళ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. అధ్యక్షురాలంటే ఎవరూ వేలెత్తి చూపించలేని మనిషి అనుకున్నాను ఇన్నాళ్లూ.

అత్తయ్య పాపను ఎత్తుకుంటే ప్లాట్‌ఫాం మీది ఫోను బూత్‌లోకి వెళ్లాను. మరియమ్మ పిన్ని ఇంటి పక్క కొట్టుకు ఫోన్ చేసి ఆవిణ్ని పిలిపించాను.

"ఏమైందే? పిల్ల బాగానే ఉందా?"

"బాగానే ఉంది పిన్నీ. ప్రెసిడెంటుగా ఉంటాను. కానీ ఒక షరతు. ఏడాదికోసారి నన్ను బయట కూర్చోబెట్టి, మీరంతా నా తప్పులు మాట్లాడుకోవాలి. ఆదివారమే సంఘం నియమాల్లో రాసుకుందాం."

పిన్ని గొంతు పెంచింది.

"బయట కూర్చోబెట్టడమేవిటే? నువ్వేం తప్పు చేశావని?"

"ఇంకా ఏమీ చెయ్యలేదు పిన్నీ" అన్నాను. బండి ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది.