గార దిగిన టబ్బు

పొద్దున్నే మొహం కడుక్కోగానే ఆమె ముందు కుళాయి తుడుస్తుంది. తుండు అంచుతో కుళాయి మెడ, పిడి, కొసన వేలాడే చుక్క. ఆ తర్వాతే తన మొహం. ఉప్పునీళ్ళు ఆరిన చోటల్లా తెల్లగా గార కడుతుందని ఆమెకు తెలుసు. ఇళ్ళలో బాత్‌టబ్బులకు పట్టిన ఆ గార వదిలించడమే ఆమె బతుకుతెరువు. అందుకే వీధి మొత్తానికి ఆమె గారక్క.

"ఇది పోదులే గారక్కా, టబ్బుతో పాటే పుట్టింది," అంటారు ఇంటివాళ్ళు.

"పుట్టుమచ్చా ఏంటి, పోకపోవడానికి? మీరు రుద్దకుండా ఊరుకుంటే అదే పోతుంది," అంటుందామె. వెనిగర్‌లో తడిపిన గుడ్డ గార గీత మీద పరిచి, గడప మీద కూర్చుని కబుర్లాడుతుంది. కాసేపటికి గుడ్డ ఎత్తి గోటితో గీకి చూస్తుంది. పొర కదిలితే "దిగింది" అంటుంది. ఇక తుడవడమే.

ఆమె ఇంట్లోనూ ఒక పాత టబ్బు ఉంది. అంచుకు జానెడు కింద దాని చుట్టూ గరుకు గీత ఉండేది. అది చెల్లెలిది. చెల్లెలు రోజూ గంటసేపు నీళ్ళలో కూర్చునేది, లేచాక టబ్బు కడిగేది కాదు. ఒకరోజు అలాగే స్నానం చేసి పనికి బయల్దేరింది. దారిలో బస్సు బోల్తా పడింది. "గారాల పిల్ల గార మిగిల్చి పోయింది," అంది తల్లి. ఆ టబ్బు మళ్ళీ ఎవరూ వాడలేదు. చూపు పోయాక తల్లి రోజూ సాయంత్రం టబ్బు అంచున కూర్చుని ఆ గీత వెంట వేలు నడిపేది. చిన్నకూతురి ఫొటో ఆమెకిక కనిపించదు. తడుముకోవడానికి మిగిలింది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం గారక్క పని నుంచి అలసి వచ్చి, వెనిగర్ గుడ్డ టబ్బు అంచున పడేసి అన్నానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గుడ్డ జారి గీత మీద అతుక్కుని ఉంది. ఎత్తింది. కింద పొర కదిలింది. సగం వదిలిన గారను అలా ఉంచడం ఆ చేతికి తెలియదు. "దిగింది" అంది నోరు. గుడ్డను జరుపుకుంటూ చెయ్యి టబ్బంతా చుట్టొచ్చింది. అది ఎవరి గీతో గుర్తొచ్చేసరికి టబ్బు తెల్లగా మెరుస్తోంది.

సాయంత్రం తల్లి వేలు నున్నటి గోడ మీద నడిచి, ఆగి, వెనక్కి వచ్చింది.

"ఏమే పెద్దదానా, గీతేదే?"

తల్లి టబ్బు చుట్టూ మళ్ళీ వేలు నడిపింది.

"తుడిచేశావా?"

"అలవాటున తుడిచేశానమ్మా. చెయ్యి ఆగలేదు."

"ఊరందరి టబ్బులూ సరిపోలేదటే నీకు," అంది తల్లి. "కుళాయి తిప్పు. నీళ్ళు బిరడా గొలుసు తగిలించే కొక్కేన్ని తాకగానే కట్టెయ్. నీ చెల్లెలు అక్కడే కట్టేసేది."

గారక్క కట్టేసింది. తల్లి అంచు నుంచి జాన పెట్టి చూసింది. వేలికి నీళ్ళు తగల్లేదు.

"ఇంకా తక్కువుందమ్మా."

"ఉండదా మరి? అది కూర్చోలేదుగా. బకెట్‌తో పొయ్యి."

ఒక బకెట్. రెండో బకెట్. ఎవరో మెల్లగా లోపలికి ఒదిగినట్టు నీళ్ళు పైకి లేచాయి. తల్లి వేలు తడిసింది.

"దిగింది," అంది తల్లి.

గారక్క రెండడుగులు వెనక్కి వేసింది.

ఇప్పటికీ రోజూ సాయంత్రం కొక్కెం దాకా కుళాయి, ఆపైన రెండు బకెట్లు. పొద్దున నీళ్ళు వదిలాక గారక్క కుళాయి తుడుస్తుంది, టబ్బు తుడవదు. గీత ఇంకా వేలికి తగలడం లేదు. తల్లీకూతుళ్ళు టబ్బు పక్కన బకెట్ పెట్టుకుని స్నానం చేస్తారు.