అద్దం అవతల బామ్మర్ది

మరమగ్గాలను సిరిసిల్లలో మేం సాంచాలంటాం. ఒక్క కార్ఖానాలో పదహారు సాంచాలు నడుస్తుంటే పక్కవాడు చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. అందుకే మేం పెదవులు చూసి మాట్లాడుకుంటాం. పోగు తెగిందనీ, చాయ్ తాగుదామనీ, సేటు వస్తున్నాడనీ గొంతు విప్పకుండానే చెప్పుకుంటాం. ఇరవై ఏళ్లుగా నాకు ఇదే పని. ఈ విద్య ఒకరోజు నా పరువు తీస్తుందని అనుకోలేదు.

మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, ఆరేళ్లు నా పక్క సాంచాల మీదే పనిచేశాడు. తర్వాత వాళ్ల ఊరు కోరుట్లకు పోయి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. పోయిన ఎండాకాలం దుకాణం తీయడం మానేశాడు. ఆ తర్వాత గడ్డం గీసుకోవడం మానేశాడు, చివరికి మాట్లాడటమే మానేశాడు. నేతపని చేసే ఇళ్లలో మగవాడు మాట మానేస్తే ఆడవాళ్లకు కంటి మీద కునుకుండదు. అలా మూగనోము పట్టి ఒకరోజు లేకుండా పోయినవాళ్లను మేం చాలామందిని చూశాం.

జగిత్యాలలో ఇలాంటివాళ్లతో కూర్చుని మాట్లాడే కౌన్సెలింగ్ మేడం ఉందని ఎవరో చెప్పారు. "బావ తోడొస్తెనే పోత" అని మాత్రం అన్నాడట వాడు. నా భార్య నన్ను పోతావా అని అడగలేదు. తెల్లారి టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చింది.

అలా ప్రతి గురువారం నేను సిరిసిల్ల నుంచి, వాడు కోరుట్ల నుంచి బస్సెక్కి జగిత్యాల బస్టాండులో కలుసుకునేవాళ్లం. కార్ఖానాలో మాత్రం పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పాను. మనసు బాగాలేదని చెబితే బామ్మర్ది పేరే కాదు, నా పేరూ నలుగురి నోళ్లలో నానుతుంది కదా. మూడో వారానికి పక్క సాంచాలాయన నా నోట్లోకి తొంగి చూశాడు.

"ఏందే అన్నా, పండ్లన్ని గట్లనే ఉన్నయ్. పీకిచ్చుకునేది ఏ పన్ను?"

మొదటి వారం బామ్మర్ది ఆ గదిలోంచి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఏడ్చే మగవాణ్ని నమ్మొద్దంటారు, నేనూ మనసులో అదే అనుకున్నాను. కానీ వాడు బస్టాండు ముందు ఆగి నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాడు. నెల రోజుల్లో వాడు ఆకలితో తినడం అదే మొదలు. రెండో వారం మేడం వాడికి ఒక పని చెప్పిందట. దుకాణం తెరవక్కర్లేదు, రోజూ షట్టరు సగం ఎత్తి పది నిమిషాలు లోపల కూర్చుంటే చాలు. నాకు నవ్వొచ్చింది. మూడో వారానికి షట్టరు పూర్తిగా లేచింది. నవ్వు పోయి నాలో ఇంకేదో మొదలైంది.

దాని పేరు కుళ్లు. రోగిష్టి మీద ఎవరైనా కళ్లలో నిప్పులు పోసుకుంటారా? నేను పోసుకున్నాను. రెండేళ్లుగా నాకు గుండెదడ. సాంచా ఉన్నట్టుండి ఆగితే అరచేతులు తడిసిపోతాయి, ఊపిరి సగంలోనే నిలబడిపోతుంది. గుండె పరీక్షలు చేయించుకుంటే అంతా బాగుందన్నారు. మా దగ్గర మగవాడి ఛాతీలో ఏ బాధ వచ్చినా దానికి ఒకటే పేరు, గ్యాసు. గోలీ మింగి పనిలోకి పోయేవాణ్ని. బామ్మర్దికి మాత్రం వారానికోసారి ఒక మనిషి ఎదురుగా కూర్చుని, మధ్యలో ఫోను కూడా చూసుకోకుండా, ముప్పావుగంట వింటోంది.

వినడం నేను కళ్లారా చూశాను. ఆ గది తలుపుకు జానెడు వెడల్పు అద్దం ఉంది. బయటి బెంచీ మీద కూర్చుంటే మేడం వీపు, బామ్మర్ది మొహం కనిపిస్తాయి. చూడొద్దనుకున్నాను. చూశాను. "పొద్దుగాల లేవబుద్ధి గాదు మేడం. మంచంల నుంచి కాలు కింద పెట్టుడే పెద్ద పనైతది." ఆ మాటలు వాడి పెదవుల మీద చదువుతుంటే నా సొమ్ము ఎవరో ఎత్తుకుపోయినట్టు మండిపోయింది. అవి నేను అనాల్సిన మాటలు.

నాలుగో గురువారం వాడు నన్ను కోరుట్లకు లాక్కుపోయాడు, అన్నం తిని పొమ్మని. వాడి భార్య వడ్డిస్తూ వాడితో, "ఇయ్యాల మనసు జర తేలికైందా? చెప్పబుద్ధి గాకుంటె వద్దు తియ్" అంది. అంతే అంది. నన్ను ఇరవై ఏళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. అడగకపోవడంలో మా ఇంటిదాని తప్పేం లేదు, నేను గ్యాసని చెబితే ఆమె జీలకర్ర నీళ్లిచ్చింది.

తిరిగి బస్సెక్కేముందు వాడి భుజం మీద చెయ్యేశాను. "మంచిగనే అయినవ్ గదరా. ఇంకెన్నొద్దులు తిరుగుతవ్? నలుగురు ఏమనుకుంటరు?"

వాడు నా మొహంలోకి చూసి, "నువ్వు చెప్పినంక ఇంకేంది బావా" అన్నాడు.

రెండు గురువారాలు వాడు జగిత్యాలకు పోలేదు. మూడో వారం కోరుట్ల నుంచి ఫోను. షట్టరు మళ్లీ కిందికి దిగింది. రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని, "మంచిగనే అయితుండె గదా, ఎందుకు బంద్ పెట్టిండో" అని ఏడ్చింది. గురువారం దాకా ఆగకుండా తెల్లారే కోరుట్లకు పోయి, స్నానం చేయించి, వాణ్ని జగిత్యాల తీసుకుపోయాను.

ఆ రోజూ అదే బెంచీ మీద కూర్చున్నాను. వాడు లోపల చెబుతున్నాడు, నేను చదువుతున్నాను. "మా బావ వద్దన్నడని బంద్ పెట్టిన మేడం." మేడం తల వంచి ఏదో రాసుకుంటోంది. అప్పుడు వాడు తలెత్తి అద్దంలోంచి సూటిగా నన్ను చూశాడు. గొంతు విప్పకుండా, కార్ఖానాలో అన్నట్టే, పెదవులు మాత్రం కదిపాడు.

"బావా, నీది గ్యాసు గాదు. నువ్వు గూడ లోపటికి రా."

బయట నేను చదువుతున్నానని వాడికి మొదటినుంచీ తెలుసు. ఆరేళ్లు నా పక్కన పనిచేసినవాడు, నాకు పెదవులు చదవడం వచ్చని వాడికి ఒకరు చెప్పాలా? తెలిసీ ఒక్కనాడు మొహం తిప్పుకోలేదు, కుర్చీ జరుపుకోలేదు. ఇలా చెప్పుకోవచ్చని నాకు చూపించాడు. నేను వాడి నోటికాడి కూడు లాగేశాను. సిగ్గు వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే సిగ్గుకంటే ముందు కుళ్లే వచ్చింది, వీడికి ఇంత మంచితనం ఎక్కడిదని.

తర్వాతి గురువారం నేను లోపలికి పోయాను. వాడు కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. అలవాటుకొద్దీ గట్టిగా అరుస్తున్నట్టే మొదలుపెట్టాను. "ఇక్కడ సాంచాలు లేవండి, మెల్లగ చెప్పుండ్రి" అంది మేడం. మెల్లగా మాట్లాడటం నాకు ఎంత కష్టమో ఆ గదిలోనే తెలిసింది. దడ గురించి చెబుదామని వచ్చినవాణ్ని, ముందు ఇంకో మాట నోట్లోంచి వచ్చింది.

"మా బామ్మర్దిని చూస్తె నాకు కండ్లమంటగుంది మేడం."

ఆమె నవ్వలేదు. రాయనూ లేదు. చెప్పమన్నట్టు చూసింది. నా పెదవులు వాడు చదివేసి ఉంటాడని భయపడి అద్దం వైపు చూశాను. బామ్మర్ది బెంచీ మీద అటు తిరిగి, మాకు వీపు పెట్టి, గోడకేసి మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

నేను ఇన్ని వారాల్లో ఒక్కసారీ చేయలేని పని వాడు మొదటి రోజే చేశాడు. దానికీ నాకు కుళ్లే పుట్టింది. అదీ మేడంకు చెప్పాను.